పైలట్ ట్రాక్‌లో ముత్తయ్య గొంతు

సౌండ్ రికార్డిస్టుగా నా చివరి అవుట్‌డోర్ షూటింగ్ బూర్గంపాడు దాటాక అడవి అంచున, పని మానడానికి ముందటి వేసవిలో. కాకతీయుల కాలపు గజదొంగ కథ. కోటల ధాన్యం కొల్లగొట్టి పల్లెలకు పంచినవాడట. ఇంటిల్లిపాదీ చూసే సాహస చిత్రమని నిర్మాత మాట. అలాంటివాడు నిజంగా బతికాడనడానికి ఒక్క శాసనమూ లేదని దర్శకుడితో అన్నాను. శాసనం కోసం ఎవరూ టికెట్ కొనరన్నాడు.

దొంగ తిరిగొచ్చే సన్నివేశంలో గుట్ట మీంచి "మనోడొచ్చిండు" అని కేక వేయడానికి దగ్గరి కోయగూడెం ముత్తయ్యను పెట్టారు. లొకేషన్‌లో మేం తీసే శబ్దాన్ని పైలట్ ట్రాక్ అంటారు. స్టూడియోలో డబ్బింగ్ చెప్పేవాళ్లకు దారి చూపడమే దాని పని. ఆ తర్వాత చెరిపేస్తారు.

విడుదలకు ముందే ముత్తయ్య జ్వరంతో పోయాడు. భార్య లచ్చమ్మ మనవలను తీసుకుని భద్రాచలం వెళ్లి సినిమా చూసింది. షూటింగ్ మేనేజర్ దగ్గర నా నంబరు తీసుకుని నాకు ఫోన్ చేసింది.

"మొకం మావోనిదే సారూ, గొంతేమో ఎవనిదో. మావోని గొంతు ఏడ వెట్టిన్రు? ఒక్కపారి ఇంటా."

అదృష్టమనే మాట నేను వాడను. స్టూడియో డిస్కులో ఆ ఫైలు ఇంకా చెరగలేదు, అంతే. ఆమెది బటన్ ఫోన్, ఫైలు పంపినా వినలేదు. చిన్న స్పీకరు పట్టుకుని నేనే బస్సెక్కాను.

ముత్తయ్య వాళ్లన్న నన్ను వాకిట్లోనే అడ్డుకున్నాడు. "సచ్చినోని గొంతు ఇంట్ల మోగితే మల్ల వాడు ఇల్లు ఇడువడు. వద్దు."

ఏళ్ల తరబడి హేతువాద సభల్లో వాదించినవాణ్ని. శబ్దమంటే గాలి కదలిక, గాలికి ఇల్లూ వాకిలీ తెలియవు, పోయినవాడు రాడు అని గట్టిగానే మొదలుపెట్టాను. లచ్చమ్మ ఇద్దరినీ ఆపింది.

"వస్తే రానీ బావా, బువ్వ వెడ్త. నువ్వేంది సారూ, రాడు రాడు అని ఒకటే చెప్తవు?"

బటన్ నొక్కాను. దర్శకుడు యాక్షన్ అనకముందే రికార్డరు తిరుగుతూ ఉండడం మా పద్ధతి. కేకకు ముందు ముత్తయ్య పక్కవాడితో కోయ భాషలో ఏదో గొణిగాడు. లచ్చమ్మ నవ్వింది. ఏమన్నాడని అడిగాను.

"పొద్దుగాల నేను కూరల ఉప్పెయ్యలేదట. ఊరందరికి చాటుతుండు, సూడు. మల్ల పెట్టు."

కేక దాకా పోనివ్వలేదు. ఆ ముక్కే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. కాసేపటికి ఆమె బావ కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు.

సలహా అడిగే కొత్త రికార్డిస్టులకు ఇప్పుడు నేను చెప్పేది ఇది: పైలట్ ట్రాక్ చెరపకండి, యాక్షన్‌కు ముందున్నది అసలు చెరపకండి, ఊరివాళ్ల గొంతులుంటే వాళ్లకొక కాపీ ఇచ్చి రండి. పోయినవాడు తిరిగి రాడని సభల్లో ఇప్పటికీ అంటాను. గొంతు వినాలని అడిగినవాళ్లకు అది జవాబు కాదు. ఫైలు వెతికి ఇవ్వడమే జవాబు.