చెల్లె చేతికి ఎక్కని టీకా

మా అమ్మను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. ఆమె నన్ను మోసం చేసిందని చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇక దాచను.

అరవైల నాటి మాట. బోధన్ దగ్గర మా ఊళ్లో చెరుకూ పసుపూ పండించేవాళ్లం. మశూచి టీకాలు వేయడానికి నిజామాబాద్ నుంచి ఒక సాయబు వచ్చాడు. నాకు తొమ్మిదేళ్లు, చెల్లెకు నాలుగు. ఇద్దరి చేతుల మీదా మందు చుక్క పెట్టి సూదితో గీరాడు.

“తుడవద్దమ్మా, పొక్కు లేవాలె. ఒక్కపారి దొంగ మొఖం చూసిన కావలోడు మల్ల మర్చిపోడు గదా. ఒళ్లు గూడ గట్లనే. చిన్న రోగాన్ని చూసి నేర్చుకుంటది, పెద్దది అచ్చినప్పుడు గుర్తువట్టి కొడతది,” అన్నాడు.

నాకా మాట తెగ నచ్చింది. నా ఒంట్లో కావలివాడున్నాడని అందరికీ చెప్పడానికి బడికి పరుగెత్తాను. గడప దాటుతూ వెనక్కి చూస్తే, అవ్వ చెల్లె చేతిని తడిగుడ్డతో తుడిచి, పసుపు దట్టంగా పట్టిస్తోంది. మా ఇంట్లో కోసుకున్నా పసుపే, కాలినా పసుపే. టీకా గీత కూడా ఆమె కంటికి గాయమే.

వారానికి నా చేతి మీద పొక్కు లేచింది, జ్వరం వచ్చింది. కావలివాడు మేలుకున్నాడని మురిసిపోయాను. చెల్లె చెయ్యి మాత్రం నున్నగా ఉంది. సాయబు చూడటానికి వస్తే, మళ్లీ గీరుతాడనే భయంతో అవ్వ చెల్లెను పసుపు నిల్వ చేసే కొట్టంలో దాచింది.

“చిన్నది మెండోరల మా అక్క ఇంటికి పోయింది. మంచిగనే పొక్కింది,” అని నా వైపు తిరిగింది. “నువ్వు సూసినవ్ గదా బిడ్డా?”

నేను తలూపాను. ఆయన నమ్మి రాసుకున్నాడు.

ఎండాకాలంలో చెల్లెకు మశూచి వచ్చింది. పోచమ్మ పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టారు. చెల్లె పక్కనే కూర్చుని విసిరింది నేనే, అయినా నాకు ఒక్క పొక్కూ రాలేదు. నా ఒళ్లు ఆ రోగాన్ని గుర్తుపట్టింది. చెల్లె ఒంటిని దాని ముఖమైనా చూడనివ్వలేదు మేము. ప్రాణం దక్కింది గానీ ఎడమ కన్ను పోయింది. కంచే చేను మేసిందంటే ఇదే.

సాయబు మళ్లీ వస్తే, “నీ టీకా ఉత్తదే” అని అవ్వ వాడకట్టంతా వినేలా అంది. ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూశాను.

చెల్లె పెద్దదై, బళ్లో టీకాల పాఠం విన్న రోజు పొయ్యి దగ్గర అవ్వను అడిగింది. “అక్కకు టీకా మచ్చ ఉన్నది. నాకెందుకు లేదవ్వా?”

అవ్వ రొట్టె మీంచి చూపు తిప్పలేదు. “నాకేమెరుక బిడ్డా. పొక్కిందని మీ అక్కనే చెప్పింది. నమ్మిన.”

నాకు ఒళ్లు మండిపోయింది. తడిగుడ్డ, పసుపు, కొట్టం, అన్నీ చెప్పేశాను. చెల్లె అంతా విని ఒక్కటే అడిగింది.

“నువ్వు తలూపినవా, లేదా?”

“ఊపిన,” అన్నాను.

ఇప్పుడైనా అవ్వ తప్పు తనదని ఒప్పుకుంటుందని ఆగాను. ఆమె రొట్టె తిరగేసింది. చెల్లె లేచి బయటికి పోయింది. ఆ తర్వాత నన్ను అక్కా అని పిలవలేదు.