పెరుగు లేని పత్యం, ఫారంలో తప్పుడు టిక్కులు

మా పాపకి ఏదో తేడాగా ఉందని నాకు మొదట అనిపించింది ఇంకొకళ్ళ బాబు అన్నప్రాశన రోజున. జెర్సీ సిటీలో మా అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లోనే, తొమ్మిదో ఫ్లోర్‌లో, నా ఫ్రెండ్ స్రవంతి ఉంటుంది. వాళ్ళ విహాన్, మా ఆద్య తొమ్మిది రోజుల తేడాతో పుట్టారు. ఆరో నెల రాగానే కింద కమ్యూనిటీ రూమ్‌లో వాడికి అన్నప్రాశన చేశారు. పుస్తకం, పెన్ను, గొలుసు, పరమాన్నం గిన్నె వరసగా పెట్టి బోర్లా పడుకోబెడితే వాడు పొట్ట మీద ముందుకు జరిగి గొలుసు పట్టేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆద్య నా భుజం మీద తల వాల్చేసి, ఆ గోలేమీ వినపడనట్టు గోడకేసి చూస్తోంది. నెల కిందటి దాకా కిలకిలా నవ్విన పిల్ల.

నాకు భయం వేయాల్సింది. అసూయ వేసింది. వాడి బొద్దు చేతులు చూస్తుంటే ఒళ్ళు మండింది.

స్రవంతిది కరీంనగర్. నాకు ప్లేట్ అందిస్తూ మెల్లగా అంది. "ఏందే, పాప మెడ ఇంక నిలుస్తలేదు? ఒక్కసారి డాక్టర్‌కు చూపియ్యరాదా?"

"అందరు పిల్లలూ మీవాడిలాగే ఉండాలని రూలేం లేదులే," అని ప్లేట్ అక్కడే పెట్టి వచ్చేశాను. కొడుకు గొప్ప చెప్పుకోవడానికి నా కూతుర్ని వాడుకుందని మా ఆయనతో అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు తన మెసేజ్‌లకి జవాబివ్వలేదు.

అంత ఉక్రోషానికి ఒక కారణముంది. బాలింతగా నేను అన్నీ పద్ధతిగా చేశాననుకున్నాను. పురుటికి మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి మూడు నెలలు పత్యం పెట్టింది. కారప్పొడి, వెల్లుల్లి, వేడన్నం. పాపకి జలుబు చేస్తుందని పాలు, పెరుగు ముట్టనివ్వలేదు. స్రవంతి వాళ్ళమ్మకి వీసా రాలేదు. తను ఏది దొరికితే అది తినేది. పాపం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ పాపం అనుకున్న మనిషి కొడుకే ముందుకు పాకుతున్నాడు.

ఆ తర్వాతి మంగళవారం ఆద్యకి ఆరు నెలల చెకప్. వెయిటింగ్ రూమ్‌లో పిల్లలు ఏమేం చేస్తున్నారో అడిగే ఫారం ఇచ్చారు. బోర్లా పడుతోందా, పట్టుకుంటే కూర్చుంటోందా, బొమ్మ కోసం చెయ్యి చాపుతోందా. ఎదురు కుర్చీలో ఒక బాబు వాళ్ళమ్మ జుట్టు పట్టి లాగుతున్నాడు. నేను వరసగా అన్నిటికీ 'అవును' దగ్గర టిక్ పెట్టాను. పీడియాట్రిషన్ పాప కొంచెం పాలిపోయిందన్నాడు. నెలలో మళ్ళీ రమ్మన్నాడు. తల వాల్చేస్తోందేమని అడిగితే నిద్రమత్తులో ఉందని చెప్పాను.

ఈలోగా నా అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నాలుక మండేది. ఒకరోజు ట్రైన్ స్టేషన్ మెట్ల మీద కాలు ఎక్కడ పడుతోందో తెలియక తూలాను. పాప ఉన్న స్ట్రోలర్‌ని ఎవరో పట్టుకున్నారు. ఆ వారమే నా డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నా తిండి గురించి అడుగుతూ ఉంటే నేనే ఒక్కోటి చెప్పుకుంటూ పోయాను. పుట్టినప్పటి నుంచీ శాకాహారం. రెండేళ్ళ కిందట మా ఆయనకి ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది. పాలు, నెయ్యి తగ్గించమని డాక్టర్ చెప్పింది ఆయనొక్కడికే. నేను ఇల్లు మొత్తం బాదం పాలకి మార్చేశాను. కడుపుతో ఉన్నప్పుడు వాంతులని ప్రినేటల్ విటమిన్ టాబ్లెట్లు ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మానేశాను. ఆ పైన పత్యం. ఆవిడ వెంటనే రక్తపరీక్షకి పంపింది.

రెండో రోజు ఆవిడే ఫోన్ చేసింది. "మీకు బి ట్వెల్వ్ చాలా లో ఉంది. బేబీ మీ మిల్క్ ఒక్కటే తాగుతుందా? అయితే బేబీని ఈరోజు చూపించండి. రేపు కాదు. టుడే."

ఆ రోజే వెళ్ళి పీడియాట్రిషన్ ఎదుట కూర్చున్నాను. మొన్నటి ఫారంలో నేను అబద్ధం రాశానని చెప్పాను. ఆయన తిట్టలేదు. ఖాళీ ఫారం ఒకటి తెచ్చి, పెన్ను నా చేతిలో పెట్టి, "నిజంగా చూసింది రాయండి," అన్నాడు. ఆ పేజీ అంతా 'లేదు'లే.

పాపకి బి12 బాగా తక్కువగా ఉంది, ఎనీమియా కూడా. ఆ విటమిన్ మాంసం, గుడ్లు, పాలు, పెరుగు లాంటి వాటిలోనే దొరుకుతుందట, నా ఒంట్లో లేనిది నా పాలల్లోకీ రాలేదు. రెండు రోజులు హాస్పిటల్లో ఉంచారు. ఇద్దరికీ ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండో రోజుకే పాప కళ్ళు తిప్పి నన్ను చూసింది. ఇంటికొచ్చిన మర్నాడు దాని చేతులు, గడ్డం వణకడం మొదలైంది. పరిగెత్తుకుని ఎమర్జెన్సీకి వెళ్ళాం. బి12 మళ్ళీ అందుతున్నప్పుడు కొందరు పిల్లల్లో ఇలా అవుతుందనీ, సర్దుకుంటుందనీ డాక్టర్లు చెప్పి, కాసేపు గమనిస్తూ ఉన్నారు. ఆ పక్క బెడ్డు మీద జ్వరం వచ్చిన పిల్లాడు ఏడుస్తుంటే, వాడి గట్టి గొంతుకి కూడా నాకు అసూయే. వణుకు తగ్గడానికి పది రోజులు పట్టింది.

మా ఆయన స్రవంతికి చెప్పాడు. తను డబ్బా నిండా పెరుగన్నం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. నేను సారీ చెప్పబోతే ఆపింది.

"నీకు తెల్సా? మీ అమ్మ వచ్చిందని నీ మీద ఎంత కుళ్ళుకున్ననో. నీకేమో పొద్దున్నే వేడి వేడి అన్నం. నాకేమో ఉడికిన గుడ్డు, ఫ్రిజ్‌ల పెరుగు. ఏడ్సుకుంట తిన్న."

ఇద్దరం నవ్వాం. నేను కాసేపు ఏడ్చాను కూడా.

ఆద్యకి ఇప్పుడు పద్నాలుగు నెలలు. థెరపిస్ట్ వారానికోసారి వస్తుంది. ఆద్య సోఫా పట్టుకుని నిలబడుతుంది, నన్ను చూసి నవ్వుతుంది. విహాన్ పరిగెడుతున్నాడు. వాడు మా ఇంటికొచ్చినప్పుడల్లా నా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. పోయిందని అబద్ధం చెప్పను. పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను.

నాలాంటి శాకాహారి తల్లులకి ఒక్క మాట. పత్యం పాటించండి, కానీ మీరు ఏమేం మానేశారో డాక్టర్‌కి చెప్పి, బి12 టెస్ట్ కావాలని పేరు పెట్టి అడగండి.

నిన్న చెకప్‌లో మళ్ళీ అదే ఫారం ఇచ్చారు. నడుస్తోందా అన్న చోట 'ఇంకా లేదు' దగ్గర టిక్ పెట్టాను. ఎదురు కుర్చీలో ఎవరి పాపో నడుస్తోంది. చూశాను. చూసి, తర్వాతి ప్రశ్న చదివాను.