పడవ పాటలో దాటు

నరసరావుపేటలో నా జెరాక్సు షాపు బల్ల కింద పాత బిస్కెట్ల డబ్బా ఒకటి ఉంది. మూత తీస్తే ముందు స్పిరిట్ వాసన వస్తుంది, టేపురికార్డరు హెడ్డు తుడిచే స్పిరిట్. దాని వెనకే, ఇన్నేళ్ళయినా చావని మిరపకాయల ఘాటు ముక్కుకి తగులుతుంది. లోపల మా నాయన చేతిరాతతో పదిహేడు క్యాసెట్లున్నాయి. మొన్న ఆ మూత తీయాల్సి వచ్చింది. మా తమ్ముడి కొడుకు నన్ను అడక్కుండానే ఒక వాట్సాప్ గ్రూపులో పడేశాడు, సైదులు పాటల అభిమానులట. తెల్లారింది మొదలు వీళ్ళకి అదే పని. అచ్చంపేటలో పాడింది గొప్పదా, గురజాల కల్లంలో పాడింది గొప్పదా, ఏ చరణం ముందు, ఏ చరణం వెనక. ఇప్పుడు వేడిమీదున్న తగాదా పడవ పాటలోని దాటు గురించి. నది మధ్యలో ఊగుతున్న పడవ, తాళం ఒక్క అరక్షణం ఎగిరి, ఉన్నట్టుండి ఒడ్డున ఉంటుంది. అది మోక్షమని ఒకాయన రాశాడు. ఆ వెంటనే వచ్చే 'ఇంటి పొయ్యి' అంటే కాష్ఠమేనని ఇంకొకాయన తేల్చాడు. అంత తాళజ్ఞానం ఉన్నవాడు పల్నాడులో మళ్ళీ పుట్టడని ఒక లెక్చరరుగారు చేతులెత్తి దణ్ణం పెట్టారు. చదివి పకపకా నవ్వాను. జెరాక్సుకొచ్చిన పిల్లలు నా మొహం చూసి ఏమైంది మేడమ్ అనేదాకా, ఏడుస్తున్నానని నాకే తెలియలేదు.

మాది గురజాల. మాఘమాసం దాటేసరికి ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరుచుకునేవి. ఎండిన కాయల మీద గాలి వీచినప్పుడల్లా ఆ ఘాటు ఊళ్ళోకి వచ్చి, బళ్ళో ఎక్కం చెప్తున్న పంతులుగారిని కూడా మధ్యలో తుమ్మించేది. ఆడవాళ్ళు ముక్కుకి కొంగు చుట్టుకుని వరసగా కూచుని రంగు పోయిన తాలుకాయలు ఏరేవాళ్ళు, మా అమ్మ కూడా వాళ్ళలో ఒకతె. మధ్యాహ్నం జొన్నరొట్టె, పండుమిరప పచ్చడి, ఉల్లిపాయ. పీర్ల పండగ దగ్గర పడితే అమ్మ కొంగున మలీదా ముద్ద మూటగట్టి తెచ్చేది, అందులో బెల్లం కంటే కారం వాసనే ఎక్కువ తగిలేది, అయినా కొట్టుకుని తినేవాళ్ళం. మా నాయన పారేసిన టేపు ముక్కల్ని కందికట్టెలకు కట్టి గాలికి ఎదురు పరిగెత్తడం మా ఆట. నల్లటి ఆ టేపు ఎండలో తళతళా మెరుస్తూ గరగరా చప్పుడు చేసేది.

సైదులు మామ ఆ కల్లాల్లో టిక్కీల మూతులు కుట్టేవాడు. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోనెబస్తా. చేతిలో దబ్బనం, నోట్లో పాట, పక్కన డోలకు వాయించే ఆయన తోడల్లుడు. మా అమ్మ అన్నా అని పిలిచేది గనక మాకు మామ అయ్యాడు గానీ చుట్టరికం ఏమీ లేదు. ఆయన సొంతంగా కట్టిన పాటలు తొమ్మిదో పదో ఉండేవి, అంతే. కానీ ఏ పాటనీ రెండోసారి ఒక్కలా పాడి ఎరగడు. ఎండ ఎక్కువుంటే పాట నెమ్మదించేది, టిక్కీలు ఎక్కువుంటే చరణాలు పెరిగేవి, ఎదురుగా ఎవరన్నా పోట్లాడుకుంటే ఆ పోట్లాట కూడా పాటలో దూరేది. 'అద్దరికెళ్ళే పడవోడా, నా కబురొక్కటి మోసుకుపో' అని ఎత్తుకున్నాడంటే ఆ పడవ ఎప్పుడు ఒడ్డు చేరుతుందో ఆయనకే తెలియదు.

మా నాయన మస్తాను రేడియో, టేపురికార్డర్ల మెకానిక్కు, బస్టాండు పక్కన చిన్న కొట్టు. ఆయనా, కిరాణా కొట్టు శేషయ్య బాబాయీ కలిసి సైదులు మామ ఎక్కడ పాడితే అక్కడికి చెరొక టేపురికార్డరు మోసుకుని పోయేవాళ్ళు. ఆదివారం పొద్దున మా కొట్లో కూచుని రెండు క్యాసెట్లూ పెట్టి వాదన మొదలెడితే, టీ గ్లాసులు ఈగలు మూగేదాకా అట్లాగే ఉండేవి. మా నాయనకి ఒక పిచ్చి ఉండేది, శుభ్రం పిచ్చి. కల్లంలో పాటంటే దగ్గులు తప్పవు గదా, ఆ ఘాటుకి ఎవరో ఒకరు ఖళ్ళుమంటూనే ఉంటారు. ఆయన రెండు టేపురికార్డర్లు పక్కపక్కన పెట్టి కొత్త కాపీ తీస్తూ, దగ్గు రాబోతోందనగానే పాజ్ బటన్ మీద బొటనవేలు నొక్కేవాడు, దగ్గు అయిపోగానే వదిలేవాడు. దగ్గులు, తుమ్ములు, పిల్లల ఏడుపులు, 'మంచినీళ్ళెక్కడే' అన్న కేకలు, అన్నీ పోయేవి. అసలు క్యాసెట్‌ని మాత్రం మళ్ళీ మరో పాటకి వాడేవాడు. మాలాంటి ఇంట్లో రికార్డింగుకో కొత్త క్యాసెట్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ఏడు మా కల్లంలో పడవ పాట సాగి సాగి పొద్దు వాలబోతోంది. సైదులు మామ పడవను నది మధ్యలోనే తిప్పుతున్నాడు. మా అమ్మ తాలుకాయల కుప్ప మీంచి తలెత్తి గట్టిగా అన్నది: "సైదులన్నా, ఎంతసేపు నీళ్ళల్లో తిప్పుతావు దాన్ని? ఒడ్డుకు చేర్చయ్యా, ఇంటికాడ పొయ్యి ముట్టించాల!"

కల్లమంతా గొల్లుమన్నది. అమ్మ కూడా నవ్వింది, ఆ నవ్వు దగ్గయింది, ఆ దగ్గు చానాసేపు ఆగలేదు. అది సద్దుమణిగాక సైదులు మామ దబ్బనం ఆపకుండా, డోలకు తప్పకుండా, ఆ మాటే అందుకుని పాడాడు: 'ఒడ్డుకు చేరింది పడవ, ఇంటి పొయ్యి పిలిచింది.' నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాను, దగ్గుకి ఆమె పొట్ట ఎగిరిపడడం నా చెంపకి తెలిసింది.

ఆ ఆదివారం నాయన కాపీ తీస్తుంటే నేను స్టూలు మీద కూచుని చూస్తున్నాను. అమ్మ మాట రాగానే బొటనవేలు దిగింది. శేషయ్య బాబాయి ఊరుకోలేదు.

"ఏందిరా మస్తానూ, ఆయమ్మ మాటతోనే గదా పాట మలుపు తిరిగింది! అదే తీసేస్తే ఎట్లా?"

"ఇంట్లో యినే గోల చాల్దా? పాట శుభ్రంగా ఉండాల" అన్నాడు నాయన.

టీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే నవ్వేసింది. "తీసెయ్, తీసెయ్. నాదేమన్నా వినే గొంతా!"

బాబాయి టేపురికార్డరులో కల్లంలో అమ్మ అన్న మాటలూ, దగ్గూ అన్నీ పడ్డాయి. ఆయన దేన్నీ తీసేవాడు కాదు, దగ్గులతో సహా ఉంటేనే కల్లం అనేవాడు. కానీ ఆ వానాకాలం ఆయన క్యాసెట్లకి బూజు పట్టింది. సంచీడు తెచ్చి మా నాయన చేతిలో పెట్టాడు, ఎట్లాగన్నా బాగుచెయ్యరా అని. మా నాయన స్నేహితుడి మీద ప్రేమకొద్దీ నెల రోజులు కూచుని, బూజు తుడిచి, పనిలో పనిగా ఒక్కొక్క దగ్గూ తీసేసి కొత్త కాపీలు చేసి, బూజు పట్టినవి పారేసి, దీపావళి నాడు మిఠాయితో పాటు పట్టుకెళ్ళి ఇచ్చాడు. నాయన ఎంత మురిసిపోయాడో! బాబాయి మొహమాటానికి బాగుందనే అన్నాడు.

ఆ తర్వాతి మిరపకాయలకి అమ్మ కల్లానికి పోలేకపోయింది. గుంటూరు తీసుకెళ్ళేసరికే ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. నాకు పదకొండో ఏడు నిండకముందే పోయింది. నలభయ్యో రోజు ఫాతెహా అయ్యాక నాయన కొట్టుకెళ్ళి షట్టరు సగం దించి, ఉన్న క్యాసెట్లన్నీ ఒక్కొక్కటే పెట్టి వినడం మొదలుపెట్టాడు, ఎక్కడన్నా తన వేలు తప్పి అమ్మ గొంతు మిగిలిందేమోనని. సంగతి తెలిసిన శేషయ్య బాబాయి చెప్పులు కూడా లేకుండా తన సంచీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. అవీ విన్నారు. మూడు రోజులు విన్నారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క గాజుల చప్పుడన్నా లేదు.

"టేపులో దగ్గు వస్తదని ముందే పసిగట్టేవాణ్ణి శేషయ్యా," అని నాయన తల కొట్టుకున్నాడు. "ఇంట్లో దగ్గు పసిగట్టలేకపోయా."

బాబాయి ఆయన చేతులు రెండూ పట్టుకుని కూచున్నాడు. నేను మాత్రం నాయన్ని చాలా ఏళ్ళు క్షమించలేదు. పెళ్ళై ఇక్కడికొచ్చాక కూడా ఒకసారి మొహమ్మీదే అడిగాను, ఒక్కటన్నా ఉంచొద్దా నాయనా అని. ఆయన లేచి, దూదికి స్పిరిట్ అద్ది, ఎన్నేళ్ళుగానో ఆడని టేపురికార్డరు హెడ్డు తుడుస్తూ కూచున్నాడు. అంత మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను. ఆయనా పోయాడు, బాబాయీ పోయాడు, సైదులు మామ వాళ్ళిద్దరి కంటే ముందే పోయాడు. అమ్మ అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఆ గొంతే గుర్తు లేదు. ఎంత గింజుకున్నా నా గొంతే వినపడుతుంది.

పోయిన ఆదివారం గురజాలలో ఒక ఫంక్షన్ హాల్లో గ్రూపు వాళ్ళు మధ్యాహ్నం కచేరీ పెట్టారు. సైదులు పాటలు ఆయన పాడినట్టే పాడే బృందమట. బస్సెక్కి వెళ్ళాను. దారిలో మేం ఆడుకున్న కల్లాలు ప్లాట్లయ్యాయి, కాయలు తిన్నగా కోల్డ్ స్టోరేజికి పోతున్నాయి, పాట వినే తీరిక ఏరేవాళ్ళకీ లేదు, కుట్టేవాళ్ళకీ లేదు. ఏసీ హాలు చల్లగా, సెంటు వాసనేస్తూ ఉంది. బృందంలో అందరూ మా నాయన ఆ రోజుల్లో అడిగినవాళ్ళకల్లా తీసిచ్చిన కాపీలు విని నేర్చుకున్నవాళ్ళే. పడవ పాట ఎత్తుకున్నారు. మామ ఎక్కడ ఊపిరి తీశాడో అక్కడే తీశారు, ఎక్కడ సాగదీశాడో అక్కడే సాగదీశారు. నది మధ్యకు వచ్చింది పడవ. డోలకు మీది చెయ్యి గాల్లో అరక్షణం ఎగిరి, తాళం గభాల్న దూకి, పాట ఒడ్డున పడింది. మా నాయన బొటనవేలంత దాటు, ఎక్కువా లేదు, తక్కువా లేదు. హాలంతా ఆహా అన్నది.

ఆ సందులో మా అమ్మ ఉంది. వీళ్ళందరూ కలిసి చప్పట్లు కొడుతున్నది ఆమె లేని చోటుకే. అమ్మా అని అరవబోయాను. దగ్గు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, కల్లంలో దగ్గినట్టే ఖళ్ళుఖళ్ళున దగ్గాను.

ముందు వరసలో ఫోను ఎత్తిపట్టుకుని రికార్డు చేస్తున్న పెద్దమనిషి విసుగ్గా వెనక్కి తిరిగాడు. పక్కాయన ఆయన భుజం తట్టాడు.

"పోనీలే అన్నా, ఎడిటింగులో తీసేద్దాం."