దిగడానికి పద్దెనిమిది మెట్లు

శాలిబండలో మా ఇల్లు మొదటి అంతస్తులో ఉంది. కిందికి పద్దెనిమిది మెట్లు. తొమ్మిది దిగితే మలుపు, అక్కడ చిన్న గచ్చు, మళ్లీ తొమ్మిది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆ మెట్లు దిగి, వీధి చివరి క్లినిక్‌లో వ్యాయామానికి వెళ్లేదాన్ని. సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున ఏడు గంటలకు. కింది వాటాలో ఉండే ఆపా కూడా నాతో వచ్చేది. ఆమెకు నడుము నొప్పి. నేను ఆమెకంటే రెండేళ్లు పెద్ద. అయినా నేను ఆమెను ఆపా అంటాను, ఆమె నన్ను అక్కా అంటుంది; ఉర్దూలో ఆపా అన్నా అక్కే. ఈ లెక్క తప్పని నలభై ఏళ్లుగా చెబుతున్నాను. ఇద్దరం మానలేదు.

క్లినిక్‌లో ఏడుగురు ఆడవాళ్లం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, కాలు చాపి పైకెత్తి పట్టుకునేవాళ్లం. వ్యాయామం చేయించే అమ్మాయి ఎవరితోనైనా మాట్లాడడానికి పక్కకు వెళితే లెక్కపెట్టే పని ఆపా తీసుకునేది. ఐదు తర్వాత ఎనిమిది అనేది.

"ఆరు, ఏడు ఎటు పోయినయ్ ఆపా?"

"లెక్క నక్కో అక్కా, నీ కాలు చూడు. కిందికొచ్చేసింది."

నిజంగానే దిగిపోయి ఉండేది. అందరూ నవ్వేవారు. నాకు కోపం వచ్చేది, కానీ కాలు మళ్లీ లేచేది.

వానాకాలంలో ఒకరోజు తడి మెట్టు మీద జారాను. రెండు మెట్లే. మణికట్టు బెణికింది, మోకాలికి ఏమీ కాలేదు. ఆ వారంలోనే మా అబ్బాయి మెట్ల పైన ఇనుప గ్రిల్ పెట్టించాడు. తాళం చెవి కోడలి దగ్గర ఉంచాడు. డాక్టరును అడిగి నా ఫోన్లో ఒక వ్యాయామ యాప్ ఎక్కించాడు.

"క్లినిక్‌ల చేసేదే గిండ్ల చేస్తవమ్మా. బయటికి పోవుడు లేదు, పడుడు లేదు. మాకు ఫికర్ లేదు."

ఫోన్లో ఒక ఆడగొంతు చెబుతుంది, నేను చేస్తాను. పూర్తి చేస్తే ఆ రోజు గడిలో పచ్చ టిక్కు పడుతుంది. మాకు పాల వ్యాపారం ఉన్న రోజుల్లో వాడిక ఇళ్ల లెక్క నాదే. పావు లీటరు తేడా వచ్చినా అది తేలేదాకా నాకు అన్నం సహించేది కాదు. అలాంటిదాన్ని ఖాళీ గడి చూస్తూ ఊరుకోలేను. జ్వరం వచ్చిన రోజు కూడా చేశాను. మూడు నెలల్లో ఒక్క గడీ వదల్లేదు.

మొదట్లో ఆపా పొద్దున్నే క్లినిక్‌కు పోదామా అని కింద నుంచి పిలిచేది, "అక్కా, చల్తే క్యా?" అని. తాళం ఉందని కిటికీలోంచి చెప్పేదాన్ని. కొన్నాళ్లకు పిలవడం మానేసింది. అందులో ఆమె తప్పేమీ లేదు.

వానలు పోయాక కొడుకుతో క్లినిక్‌కు వెళతానన్నాను. వాడు ఫోన్ తెరిచి నా ముందు పెట్టాడు.

"చూడు, మొత్తం పచ్చగనే ఉంది. గింత మంచిగ చేస్తున్నవ్, ఇంక కిందికి ఎందుకే? డాక్టర్ భీ ఖుష్ అయిండు."

నేను శ్రద్ధగా చేసిన ప్రతి రోజూ నేను ఇంట్లోనే ఉండవచ్చని వాడికి రుజువైంది. ఆ రుజువంతా నా చేత్తో నేను సంపాదించి పెట్టిందే.

మరునాడు చేయలేదు. ఫోన్ గుర్తు చేస్తూనే ఉంది.

"అత్తమ్మా, తబియత్ మంచిగ లేదా?" అంది కోడలు.

"మంచిగనే ఉంది. నేను చెయ్య."

"ఆయనకేం చెప్పాలె?"

"చెయ్య అన్నదని చెప్పు."

"మస్తు లొల్లి అయితది అత్తమ్మా."

"కానియ్."

అయింది. చిన్నపిల్లలా ఈ పంతమేందని కొడుకు అరిచాడు. ఆ అరుపులకంటే మూడు ఖాళీ గడులే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. లేచి చేసేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో.

నాలుగో రోజు సాయంత్రం యాప్ వాళ్ల దగ్గర నుంచి ఒకామె ఫోన్ చేసింది. మూడు నెలలు సక్రమంగా చేస్తే ఒక్క మనిషి పలకరించలేదు. మానేశాక పలకరింపు వచ్చింది.

"ఏమైందమ్మా, నొప్పి ఏమైనా ఉందా?"

"నొప్పి లేదు. మీ ఫోన్ల మెట్లు దిగుడు ఎందుకు లేదమ్మా?"

"అది ఒంటరిగా చేయకూడదమ్మా. పక్కన మనిషి ఉండి, చేయి పట్టుకుని చేయించాలి."

"గా ముచ్చట నా కొడుక్కు చెప్పుండ్రి," అని ఫోన్ వాడి చేతిలో పెట్టాను. వాడు రెండుసార్లు సరే మేడమ్ అన్నాడు.

ఆదివారం గ్రిల్ తాళం తీశాడు. నాకంటే ఒక మెట్టు కింద నిలబడి చేయి పట్టుకున్నాడు. మూడు మెట్లు బాగానే దిగాను. నాలుగో మెట్టు దగ్గర మోకాలు వణికింది. ఇన్నాళ్లూ కుర్చీలో కూర్చుని గాలిలోకి ఎత్తిన కాలు అది. దాని మీద నా బరువు మోపి వంచడం అది మరిచిపోయింది. గచ్చు దాకా వచ్చేసరికి రవిక తడిసిపోయింది. కూర్చుండిపోయాను. అక్కడి నుంచి వీధి కనపడదు. ఆటోల చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

"ఇంక కాదు బిడ్డా," అన్నాను. నేను ముందే చెప్పిన కదా అని వాడు అనలేదు. ముఖంలో మాత్రం ఆ మాటే ఉంది.

మా గొంతులు విని ఆపా నడుము పట్టుకుని పైకి వచ్చింది. నా కింది మెట్టు మీద కూర్చుని, "సగం నువ్వు వచ్చినవ్, సగం నేను వచ్చిన. హిసాబ్ బరాబర్," అంది.

"చాలమ్మా, ఇగ లెవ్వు. పైకి పోదాం," అన్నాడు కొడుకు.

"మళ్ల ఎప్పుడు దింపుతవో చెప్పు. అప్పుడు లేస్త."

"వచ్చే ఆదివారం."

"వారానికొక్కపారి దిగితే కాలు మళ్ల మరుస్తది. రేపు."

"రేపు డ్యూటీ ఉంది గదనే."

"డ్యూటీకి ముందు."

"జల్దీ చెప్పు బేటా," అంది ఆపా. "మెట్టు చల్లగుంది, నా కమర్ పట్టేస్తుంది."

వాడికి నవ్వొచ్చింది. "సరే, ఆరున్నరకు. నాలుగైదు మెట్లే, గంతే."

"తొమ్మిది," అన్నాను.

వాడు చేయి అందించాడు. పట్టుకుని లేచాను. దిగడం ఎంత కష్టమైందో, ఎక్కడం అంత సులువుగా అయింది. ఎక్కింది మళ్లీ ఆ గ్రిల్ లోపలికే కదా, అది నాకేమీ సంతోషం కలిగించలేదు.