పైడమ్మ శోకం

నాగమణికి నోరు తక్కువ, ఓపిక ఎక్కువ. ఎనభైల మొదట్లో డెట్రాయిట్ కార్ల కంపెనీలు మనుషుల్ని దులిపేసుకుంటున్నప్పుడు మొగుడు దామోదర్ ఉద్యోగం ఊడింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు, ఇద్దరు చంటివాళ్లు, అంతా ఆమె జీతం మీదే పడింది. పని యూనివర్సిటీలో. దొరల కాలంలో మైనపు గొట్టాల మీద రికార్డు చేసి పట్టిన పాటల్ని టేపులకెక్కించాలి, తెలుగువి వస్తే అర్థం చెప్పాలి.

ఒకనాడు విజయనగరం దగ్గర పల్లెలో పట్టిన గొట్టం చేతికొచ్చింది. నాగమణిదీ ఆ వైపే. మొదట దొర తన పేరూ ఊరి పేరూ దర్జాగా చెప్పుకున్నాడు. పాడే మనిషి పేరు చెప్పాలని ఆ మహానుభావుడికి తోచనే లేదు. తర్వాత బంట్రోతు గొంతు, దొరగారు అడుగుతున్నారు, శోకాలు పెట్టమని. ఒక ఆడగొంతు బతిమాలుకుంది.

“ఎవులూ పోనేదు గదా బాబూ, ఎవులి మీద ఏడవను? పిల్లలున్న ఇల్లు.”

బంట్రోతు కసిరాడు. కాసేపు గరగర. ఆపైన “ఓ పైడమ్మా, పోతివా తల్లీ” అని గుండె తరుక్కుపోయేలా ఎత్తుకుంది. పాపం ఎప్పుడో పోయిన ఏ అక్కచెల్లెలో అనుకుంది నాగమణి. చివర్లో బంట్రోతు, పైడమ్మా ఇక చాల్లే అనేసరికి ఒళ్లు ఝల్లుమంది. చావు లేని ఇంట్లో శోకం తీస్తే, ఎవరి పేరెత్తితే వాళ్లకు కీడు. పిల్లల మీదికి రాకుండా ఆ తల్లి తన పేరే ఎత్తుకుంది.

ఇదంతా ప్రొఫెసర్‌కి చెప్పింది. ఆయన మంచివాడే, అదే వచ్చిన చిక్కు. అద్భుతం, ఎల్పీ రికార్డులో వేద్దామన్నాడు. ముందున్న మాటలు కత్తిరిద్దాం, గరగర ఎక్కువ కాబట్టి నువ్వే శుభ్రంగా పాడు అన్నాడు. మాలో ఊరికే పాడరండీ అంటే, ఏదో ఒక పేరు పెట్టు, ఇది ఆర్ట్ కదా అని నవ్వాడు. వచ్చే ఏడాది ఆమె ఉద్యోగం ఆయన సంతకం మీదే ఉంది. ఆ సంగతి ఆయన గుర్తుచేయలేదు, చేయనక్కర్లేదు కూడా.

ఇంటికొచ్చి దామోదర్‌తో చెప్పుకుంది.

“రికార్డింగే కదా నాగా, అడ్జస్ట్ అయిపో. నాకు ఒక్క ఇంటర్వ్యూ కూడా రావట్లేదు,” అన్నాడు. ఆమెకు కోపం రాలేదు, భయమేసింది.

మర్నాడు గాజు గదిలో మైకు ముందు కూర్చుంది. ఎర్ర దీపం వెలిగింది. పిల్లల పేర్లు నాలుక మీదికి రాకుండా పళ్లు బిగించింది. దామోదర్ పేరు వద్దు. పైడమ్మను ఇంకోసారి చంపడానికి నోరెలా వస్తుంది?

“ఓ నాగమణీ, పోతివా తల్లీ,” అని ఎత్తుకుంది.

గాజు అవతల ప్రొఫెసర్ కళ్లు ఒత్తుకుంటూ, ఇంకాస్త గట్టిగా అని చెయ్యి ఆడించాడు. ఆమె గొంతు పెంచింది.