గట్టిగా చెప్పినవే వినబడలేదు

కోర్టు భవనం మూడో అంతస్తులో, జిరాక్సు యంత్రం పక్క బల్ల దగ్గర ఇరవై రెండేళ్ళుగా వాంగ్మూలాల రికార్డింగులు విని టైపు చేస్తున్న ఆమెను అందరూ టేపక్క అంటారు. టేపులు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆ పేరు పోలేదు.

ఆమెను నిలదీయడానికే వెళ్ళాను. అద్దకం మిల్లులో చేతులు కాలిన నా కక్షిదారు రెండు గంటలు సాక్ష్యం చెప్పింది. టైపు ప్రతిలో ఏడు చోట్ల ‘వినబడలేదు’ అని ఉంది. ఆ ఏడూ ఆమె గొంతెత్తిన చోట్లే. గొణిగినవన్నీ పొల్లుపోకుండా ఉన్నాయి. మర్నాడు నాలుగింటిలోగా సవరణ దాఖలు కాకపోతే అప్పీలులో ఆ ఖాళీలే ఆమె సాక్ష్యం. ‘వినబడలేదు’ అని రాసినప్పుడు, ఎవరికి, ఎందుకు అని ఏ నిబంధనా అడగదు.

“గుసగుసలు వినబడి అరుపులు వినబడకపోవడమేంటక్కా? ఎక్కడైనా ఉందా?”

“అదే నాకూ అంతుబట్టట్లేదు లాయరమ్మా. కూర్చో, నువ్వూ విను.”

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. సాక్షి గొంతెత్తగానే చెవిలో గుడ్డ చిరిగిన చప్పుడు.

ఏడాది కిందట టేపక్కకు సన్నని శబ్దాలు ఆనడం తగ్గింది. మేనకోడలు కంప్యూటరులో, సన్నని, బొంగురు శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్ పెట్టి, ఆ సన్నని శబ్దాలను ఎనిమిది డెసిబెల్స్ పెంచి ఇచ్చిందట.

“రికార్డింగే పాడైందేమో,” అన్నాను.

ఆమె ఈక్వలైజర్ ఆపేసింది. అరుపు నాకు నున్నగా వినిపించింది. మళ్ళీ పెట్టి వాల్యూమ్ బాగా తగ్గించింది. అరుపు చిన్నదైంది, చిరుగు పోలేదు.

“అంటే చిరిగేది వాల్యూమ్ దాకా రాకముందే,” అని లేచి, ఒక పేజీని జిరాక్సులో పెద్దది చేసి తీసింది. అంచు అక్షరాలు తెగిపోయాయి. కాగితాన్ని చెయ్యి చాపి దూరంగా పట్టుకుంది. “ఎంత దూరంనుంచి చూసినా తెగిన అక్షరం తిరిగొస్తుందా? పెంచేముందే చిన్నది చెయ్యాల్సింది.”

ఈక్వలైజర్ పక్కన, పెంచేముందే మొత్తం శబ్దాన్ని తగ్గించే ప్రీయాంప్ అనే మీట సున్నా దగ్గరుంది. దాన్ని చూసి నాలుక కరుచుకుంది.

“పిల్ల దీన్ని దించే పెట్టింది. శబ్దం తగ్గిందని నేనే పైకి తోశా. పెద్దగా వినబడితే బాగా వినబడినట్టే అనుకున్నాను. ఇన్నేళ్ళ చెవులు, ఏం లాభం.”

ఎంత పెంచారో సరిగ్గా అంతే, ఎనిమిది దించింది. తగ్గిన బిగ్గరతనాన్ని వాల్యూమ్‌తో పూడ్చింది. ఏడో ఖాళీలోంచి నా కక్షిదారు గొంతు చెక్కుచెదరకుండా వచ్చింది: “తలుపుకి బయట తాళం వేశారు. వేస్తుంటే నేను చూశాను.”

మధ్యాహ్నానికి ఏడూ నిండాయి. సూపరింటెండెంట్ సవరణ పత్రం మీదికి వంగాడు.

“కారణం గడిలో ‘సాంకేతిక లోపం’ అని పడెయ్యి టేపక్కా. ఎవరి మెడకీ చుట్టుకోదు.”

“నోరు లేదు కదా అని ఈ కంప్యూటర్ నెత్తిన రుద్దమంటారా సార్?”

“నీ సీటుకే ఎసరు. తర్వాత నన్ననకు.”

ఆమె టైపు చేసింది: ‘వినికిడి అమరికలో నా పొరపాటు. రికార్డింగులో లోపం లేదు. సాక్షి స్పష్టంగానే చెప్పింది.’ సంతకం పెట్టి పత్రం నా చేతికిచ్చింది. తర్వాత బీరువాలోంచి నిరుడు టైపు చేసిన వాంగ్మూలాల రిజిస్టరు తీసింది.

“ఏడాదిగా ఆ మీట పైనే ఉంది. ఇంకెంతమంది అరిచారో,” అని మొదటి పేజీ తెరిచి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది.