స్టోరు నుంచి తెచ్చిన సీటు

యుద్ధం రోజుల్లో నేను బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో మంత్రసానిని. లైను వెంబడి పట్టాలు చూసే గ్యాంగు కూలీల క్వార్టర్లలో ఎవరికి నొప్పులొచ్చినా వెళ్లడానికి నాకో సైకిలిచ్చారు. సైకిలు ఆడవాళ్లదే. దాని సీటు విరిగిపోతే, కొత్తది దొరక్క, స్టోర్లో పడున్న మగవాళ్ల సీటు తెచ్చి బిగించారు. సన్నగా, రాయిలా ఉండేది.

రెండు మైళ్లు దాటితే కూర్చోలేకపోయేదాన్ని. చర్మం లేచిపోయి చీర తగిలినా మండేది. ఎవరితో చెప్పను? డాక్టరుగారు మగవాడు, స్టోరు గుమాస్తా మగవాడు, సీటు బిగించిన ఫిట్టరు స్వయానా మా నాన్న.

“ఏటే ఆ నడక? కాలికేటయ్యింది?” అని అమ్మ అడిగింది.

“ఏటీ లేదమ్మా.”

ఒకరోజు పొద్దున్నే ఉస్లాపూర్ నుంచి కబురొచ్చింది. మూడు మైళ్లు తొక్కేసరికి ఇక నా వల్ల కాలేదు. దిగి, సైకిలు నెట్టుకుంటూ నడిచాను. నేను చేరేసరికి బిడ్డ పుట్టేశాడు. తల్లికి రక్తం ఆగడం లేదు. కింద పరిచిన గోనె తడిసి నేలమీదికి కారుతోంది. గర్భసంచి గట్టిపడే దాకా పొత్తికడుపు రుద్దుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. చివరికి ఆగింది. ఆ తల్లి పెదాలు పాలిపోయి తెల్లగా ఉన్నాయి.

“ఇంత ఆలీసమేటమ్మా? సైకిలుందన్నారు కదా” అంది ఆ తల్లి అత్తగారు. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నేను తలెత్తలేకపోయాను.

మర్నాడు బజారులో చెప్పులు కుట్టే అతని దగ్గరికి వెళ్లి సీటు బాగోలేదన్నాను.

“అచ్ఛా, ఏమైంది బాయీ? తోలు బాగానే ఉందే!” అన్నాడు.

“ఏం లేదులే” అన్నాను. వెనక్కి తిరుగుతుంటే, తోలు నానబెడుతున్న అతని భార్య లేచొచ్చి నా చెయ్యి పట్టుకుంది. దుకాణం వెనక్కి తీసుకెళ్లి, ఎక్కడ రాసుకుంటోందని తన భాషలో సూటిగా అడిగింది. చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

ఆమె పీటమీద తడిమట్టి పరిచి, పైన గోనె కప్పి నన్ను కూర్చోమంది. లేచి చూస్తే ఎముకలు ఆనినచోట రెండు గుంటలు. ఆ రెంటి మధ్య దూరమంత వెడల్పు కూడా లేదు నా సీటు. భార్యాభర్తలిద్దరూ పాత సామానులో ఒక వెడల్పాటి చట్రం వెతికి, దానిమీద గేదె తోలు లాగి బిగించారు. నడిమధ్యన పొడుగ్గా కోసి ఖాళీ వదిలారు. తోలు మెత్తబడటానికి రోజూ ఆముదం రాయమంది ఆమె.

పుండ్లు పూర్తిగా మానకముందే చకర్‌భాటా స్టేషను నుంచి తంతి. పట్టాల కీలు బిగించే కీమాను భార్యకి నొప్పులు, బిడ్డ కాలు ముందు కనిపిస్తోందట. ఏడు మైళ్లు. కంకర రోడ్డు, ఎదురుగాలి. ప్రతి గతుకు దగ్గరా ఇక దిగాల్సి వస్తుందేమోనని పళ్లు బిగించాను. సగం దారి దాటింది. దిగలేదు.

నేను చేరిన కాసేపటికే బిడ్డ మెడ దాకా వచ్చి ఆగిపోయింది. ఒళ్లంతా నీలం. వేలు నోట్లో పెట్టి గడ్డాన్ని ఛాతీకి వంచాను.

“ఇప్పుడే అమ్మా, ముక్కు! ఆపకు!”

తల వచ్చింది. ఏడుపు లేదు. నోరు తుడిచి వీపు రుద్దాను. మళ్లీ రుద్దాను. అప్పుడు సన్నగా, పిల్లికూనలా ఏడ్చింది. ఆడపిల్ల.

బయటికొస్తే కీమాను చెంబుతో నీళ్లు తెచ్చి, మంచం వాల్చాడు.

“కూకోండమ్మా.”

“వద్దు బాబూ, నిలబడే తాగుతాను” అన్నాను. ఒక చెయ్యి సైకిలు సీటుమీద ఆనించి చెంబెత్తాను.